శ్రుతి ఎవరినడిగి పెట్టారు?

మొన్న డిసెంబరులో నరసరావుపేటలో ఒక పెద్ద హాల్లో క్రిస్మస్ గాన కార్యక్రమం జరిగితే వెళ్లాను. వేదిక మీద నలభై మంది క్వయర్. వాళ్ల పక్కన రెండు కీబోర్డులు, నాలుగు వయొలిన్లు, ఒక ఫ్లూటు, అద్దాల గదిలో డ్రమ్స్. మొదలుపెట్టబోయే ముందు కీబోర్డు కుర్రాడు వెనక్కి తిరిగి "ఈ మేజర్, నూట ఇరవై ఎనిమిది" అన్నాడు. డ్రమ్స్ దగ్గర కుర్రాడు చెవిలో పెట్టుకున్నది సరిచూసుకుని తలూపాడు. పాట మొదలైంది.

అది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోని పాట. నాకు అయిదేళ్లప్పటి నుంచీ నోటికి వచ్చిన పాట. పల్లవి సంతోషంగా అందుకున్నాను. చరణంలో పై గాంధారం దగ్గరకు వచ్చేసరికి గొంతు పలకలేదు. పక్కకు చూస్తే మా వరుసలో పెద్దవాళ్లంతా పుస్తకాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వెనక వరుసలో ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పెదవులు మాత్రం కదుపుతున్నారు. హాల్లో నాలుగైదు వందల మంది ఉంటారు. పాడుతున్నది వేదిక మీది నలభై మందే.

ఈ మేజర్ అంటే మా లెక్కలో మూడు శ్రుతి. ఆ పాటను మూడు శ్రుతిలో ఎవరినడిగి పెట్టారు? నా గొడవంతా ఇదే. ఇది చాదస్తం అనుకునేవాళ్లు అనుకోవచ్చు. నేను చెప్పదలచుకున్నది చెప్పే తీరతాను.

మాది గురజాల దగ్గర ఒక పల్లె. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1849లో గురజాల వచ్చి పల్నాట్లో పని మొదలుపెట్టాడు. అప్పటి నుంచి తరతరాలుగా మా పల్లెల్లో పదిమంది కలిసి పాడటం తిండి తిన్నంత మామూలు సంగతి. మా గుడికి నాపరాళ్ల నేల, పైన రేకులు. ఉన్న వాయిద్యాలు మూడు: ఒక హార్మోనియం, ఒక డోలక్, రెండు జతల తాళాలు. హార్మోనియం వాయించే మేస్టారు పగలంతా బడిలో చెప్పి, పొద్దు గూకాక గుడికి వచ్చేవారు.

పండగ ముందు నెల రోజులు పాటల సాధన. కొత్త పాట ఎత్తుకున్న రోజు మేస్టారు ముందు శ్రుతి పెట్టేవారు కాదు. పాట ఒకసారి మెల్లగా పాడి, అందులో అన్నిటికన్నా పైన ఉన్న స్వరం ఏదో పట్టుకునేవారు. అది పై షడ్జమా, పై గాంధారమా, పై పంచమమా? తర్వాత తల తిప్పి వెనక వరుసలోని మా పెద్దమ్మను అడిగేవారు.

"పెద్దమ్మా, ఇదుగో, ఇంత పైకి పోవాల. అందుద్దా?"

ఆమె ఆ స్వరం ఒకసారి పలికి చూసి, "అందుద్దిగానీ నాయనా, మూడో చరణంలో రెండుసార్లు పోవాలగదా, ఇంకో మెట్టు దించు" అనేది.

ఆమె తర్వాత ముందు వరుసలో నేల మీద కూర్చున్న చిన్నపిల్లల వంతు. కింది స్వరాలు పిల్లలకు అందవు. పెద్దమ్మకు పైన, పిల్లలకు కింద, ఈ రెండు హద్దులకూ మధ్య ఎక్కడ ఇమిడితే అక్కడ శ్రుతి. మేస్టారి లెక్క నాకిప్పటికీ గుర్తే. పాట కొన హార్మోనియంలో రెండో శ్రుతి మెట్టు దాటకూడదు. పై షడ్జంతో ఆగే పాట అయితే శ్రుతే రెండు. పై గాంధారం తాకే పాటను కింది ఆరున్నరకు దించాలి. పై పంచమం దాకా పోయేదయితే ఇంకా కిందికి, అయిదుకు. ఆయన ఏ సంగీత కళాశాలలోనూ చదవలేదు. మా ఊరి గొంతులను చదివారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మిరపకాయ కోతలు, కల్లాల్లో ఆరబోతలు జరిగే రోజుల్లో మా ఆడవాళ్లు పగలంతా ఆ ఘాటులోనే ఉంటారు. సాయంత్రానికి గొంతులు గరగరలాడేవి. ఆ రెండు నెలలూ మేస్టారు ప్రతి పాటనూ అరమెట్టు దించేవారు. ఎవరూ ఆయనకు చెప్పలేదు, ఎవరూ అడగలేదు. మొదటి రోజు దగ్గు విన్నారు, రెండో రోజు శ్రుతి దించారు. ఒక ఊరి పంటను బట్టి పాట శ్రుతి మారడం చూసినవాణ్ణి నేను. ఇప్పుడు కంప్యూటర్లో తయారై వచ్చిన ట్రాక్ ఏ శ్రుతిలో ఉంటే ఊరంతా ఆ శ్రుతికి ఎక్కాలంటే నాకు మింగుడు పడదు.

పాట వేగం సంగతీ అంతే. దాన్ని మేం కాలం అనేవాళ్లం. మేస్టారు చౌకంగా ఎత్తుకునేవారు. మొదటి చరణం నిదానంగా నడిచేది. పాట ముదిరేకొద్దీ జనమే కొంచెం కొంచెంగా ముందుకు జరిగేవారు. ఆఖరి చరణంలో డోలక్ దుడుకెక్కేది. ఎవరూ వేగం పెంచమని చెప్పరు. ఉత్సాహం తెలియకుండానే పాట అడుగు పెంచుతుంది. ఆఖరి పల్లవికి మళ్లీ నిదానం.

క్రిస్మస్ ముందు రాత్రుళ్లు క్యారల్స్ వెళ్లేవాళ్లం. ముందు గ్యాసులైటు మోసే మనిషి, వెనక డోలక్, తాళాలు, ఆ వెనక మేమంతా. దారి పొడుగునా పాట కాలం మా నడకే. అడుగుకో దెబ్బ. పెద్దయ్యాక ఒకసారి గడియారం పెట్టి లెక్కేశాను. నిమిషానికి డెబ్భై అడుగుల దగ్గర పడింది. మంచంలో ఉన్న ముసలాయన ఇంటి ముందు ఆగితే ఇంకా మెల్లగా పాడేవాళ్లం, ఆయన లోపల నుంచి గొంతు కలపడానికి వీలుగా. పెళ్లయిన ఇంటి ముందు ఎత్తుకుంటే పాట పరుగెత్తేది. పాట ఒకటే, శ్రుతి కూడా ఒకటే. ఇంటికో కాలం ఉండేది.

ఇప్పుడు నిమిషానికి నూట ఇరవై ఎనిమిది దెబ్బలని ముందే బిగించి పెడతారు. మీట నొక్కగానే రిథమ్ దాని దారిన అది పోతూ ఉంటుంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకునే సందు పోయింది, ఆ మాట అర్థం లోపలికి దిగే సందూ పోయింది. పాడేవాళ్లు ఆనందంతో ముందుకు జరిగినా, దుఃఖంతో వెనక్కి తగ్గినా రిథమ్ వాళ్లకోసం ఆగదు. డెబ్భై ఏళ్ల మనిషి ఒక మాట వెనకబడితే ఇక ఆ చరణమంతా వెనకే. రెండుసార్లు అట్లా జరిగాక మూడోసారి నోరు తెరవడు. నా పక్కన కూర్చున్నవాళ్లు మొన్న చేసింది అదే.

పాడేవాళ్లను బట్టి కాలం నడపడం మా గుడి సంగతి ఒక్కటే అనుకోవద్దు. పల్నాడంతా ఇదే మర్యాద నడిచింది. కారంపూడిలో కార్తీక అమావాస్యకు వీరారాధన ఉత్సవాలు మొదలవుతాయి. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు, మొత్తం అయిదు రోజులు. మా నాయన చెయ్యి పట్టుకుని నాగులేటి ఒడ్డున నిలబడి వీరవిద్యవంతుల పాట విన్నాను. పంబజోడు, తాళాలు, వెనక తిత్తి శ్రుతి. కథ చెప్పేవాడు కొలువులో మాటలు చెబుతుంటే పంబ తగ్గి నడిచేది. పోరు ఘట్టం రాగానే ఉరికేది. మంచాల బాలచంద్రుణ్ణి యుద్ధానికి సాగనంపే చోట కథకుడి గొంతు ఆగితే పంబ కూడా ఆగింది. కథకుడి ముఖం చూసి వాయించే చేతులవి. పల్నాటి వీరుల కథను అలిశెట్టి గాలేయ్య పాడగా విని, రికార్డు చేసుకుని, జీన్ రోఘైర్ అనే అమెరికన్ పండితుడు రాసిన పుస్తకాన్ని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 1982లో వేశారు. సముద్రాల అవతలి మనిషి వచ్చి నేర్చుకుపోయిన విద్య మన ముంగిట్లో ఉంది. కథకుడి ముఖం చూసి పంబ కాలం మార్చినట్టు, పాడేవాళ్ల ముఖం చూసి కీబోర్డు కాలం మార్చకూడదా?

నేను బడిపంతులుగా చేరాక ఈ గొడవ బడిలోకి కూడా తీసుకెళ్లాను. పొద్దున ప్రార్థనలో ఆరో తరగతి ఆడపిల్లలు, పదో తరగతి మగపిల్లలు ఒకే పాట పాడాలి. పద్నాలుగేళ్ల కుర్రాడికి గొంతు మారే వయసు. పైకి పోతే చీలుతుంది, నలుగురూ నవ్వుతారు, వాడిక జన్మలో పాడడు. అందుకే ఆ కుర్రాళ్లను ముందు అడిగి, శ్రుతి చూసి ఎత్తుకునేవాణ్ణి.

మన జాతీయ గీతాన్నే తీసుకోండి. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లెలో బీసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు, సంగీతం తెలిసిన మార్గరెట్ కజిన్స్ ఆయన పాడిన జనగణమనను స్వరపరిచి రాసిపెట్టింది. పిల్లలు బృందంగా పాడటానికి పనికొచ్చేలా రాసిన స్వరాలవి. మన రాయలసీమలో విద్యార్థుల గొంతుల్లో కుదురుకున్న వరస అది. తర్వాత వాద్యబృందాలకు తగినట్టు దాన్ని తీర్చినవాళ్లు ఇంగ్లండులో కూడా ఉన్నారు. పూర్తి గీతానికి సుమారు 52 సెకన్లు అని నియమం. నేను చేతి గడియారం చూసుకుంటూ పిల్లలతో సాధన చేయించేవాణ్ణి. మొదటి వారం 65 సెకన్లు పట్టేది. పరుగెత్తిస్తే 45కు వచ్చేది, మాటలు నలిగిపోయేవి. 52 దగ్గర నిలిచినప్పుడు ప్రతి పేరూ స్పష్టంగా పలికేది. వేగానికి ఒక సరైన చోటు ఉంటుందని నేను నమ్మింది అప్పుడే. ఆ చోటును మాటలూ ఊపిరీ కలిసి చూపిస్తాయి.

1980లలో ఉపాధ్యాయులకు సామూహిక గానం శిక్షణలు పెట్టేవారు. ఆ ఉద్యమానికి ప్రాణం పోసినవారు ఎం.బి. శ్రీనివాసన్. ఆయన పుట్టింది చిత్తూరులో. సినిమాలకు సంగీతం చేస్తూనే మద్రాస్ యూత్ క్వయర్ పెట్టారు. రకరకాల భాషల పాటలను మన రాగాల్లోనే కట్టి, ఆడ, మగ గొంతులకు వేరువేరు దారులిచ్చి పాడించారు. ఎన్‌సీఈఆర్‌టీ తరఫున దేశమంతటా పంతుళ్లకు పాటలు నేర్పించి, ఆ పంతుళ్ల చేత బడుల్లో వేలమంది పిల్లలతో పాడించారు. వాళ్లంతా గాయకులు కారు. పాడాలని ఉన్న మామూలు పిల్లలు. ఆయన నమ్మింది కూడా అదే, నలుగురితో కలిసి ఎవరైనా పాడగలరని.

ఇప్పుడు ఎన్నో బడుల్లో పొద్దున్నే స్పీకర్లో పాట పెడతారు. పిల్లలు చేతులు కట్టుకుని నిలబడతారు. ఒక బడిలో పిల్లవాణ్ణి అడిగాను, "నువ్వు పాడవేంరా?" అని. "అదే పాడుతుందిగా తాతా" అన్నాడు స్పీకర్ వైపు చూపించి. ఆ మాట నాకు ముల్లులా దిగింది. ఇప్పటికీ తీయలేకపోతున్నాను.

ఈ మాటలంటే కుర్రాళ్లు నాకు పాశ్చాత్యుల పెద్ద పెద్ద కృతుల గురించి చెబుతారు. క్వయరూ ఆర్కెస్ట్రా కలిసి పాడే కృతులు ఎంత ఎత్తుకు పోతాయో, ఎంత వేగంగా ఉంటాయో వినమంటారు. నేనూ విన్నాను. రేడియోలో విన్నాను, గుంటూరులో మనవాళ్ల క్వయర్లు పాడగా ఎదురుగా కూర్చుని విన్నాను. హాండెల్ మెస్సయ్యను 1741లో 24 రోజుల్లో రాశాడు. మరుసటి ఏడు డబ్లిన్‌లో మొదట పాడారు. అందులోని హల్లెలూయ కోరస్ రెండు శ్రుతిలో, అంటే డీ మేజర్‌లో ఉంటుంది. ఆ శ్రుతి ఊరికే పెట్టలేదు. ఆనాటి బాకాలకు మీటలు లేవు, డీ శ్రుతిలో అవి నిండుగా మోగుతాయి. బాకాల సౌకర్యం చూసి శ్రుతి పెట్టినా గొంతులను గాలికి వదల్లేదు. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని నాలుగు దారులు వేశాడు. పై గొంతుకు పై దారి, కింది గొంతుకు కింది దారి. పైగా ఆనాటి శ్రుతి కొలతలు ఇప్పటి 440 కన్నా కింద ఉండేవి. అంటే హాండెల్ మనసులో అనుకున్నదానికన్నా మనం ఈరోజు ఎత్తుగా పాడుతున్నాం.

బీథోవెన్ తొమ్మిదో సింఫనీ సంగతి కూడా ఎత్తుతారు. అది 1824 మే 7న వియన్నాలో మొదట వినిపించింది. చివరి భాగంలో క్వయర్ లేస్తుంది. సోప్రానోలు చాలా పై స్వరం మీద చాలాసేపు నిలబడాలి. తొలిసారి పాడిన గాయనులు ఆ ఎత్తు తగ్గించమని బతిమాలితే ఆయన ఒప్పుకోలేదని చెబుతారు. అప్పటికి కొత్తగా వచ్చిన మెట్రోనోమ్ లెక్కలో వేగం అంకెలు కూడా వేసి పెట్టాడు. ఆ అంకెలు మరీ వేగమా, సరైనవేనా అని ఈనాటికీ సంగీతకారులు వాదించుకుంటూనే ఉన్నారు. బీథోవెన్ రాసినది శిక్షణ పొందిన గొంతుల కోసం. మిగతావాళ్లు కూర్చుని వినడానికి. అది వినే పాట. దాని ఎత్తుకు నేను చేతులెత్తి మొక్కుతాను. మా కీర్తన పాడే పాట. కూర్చున్న ప్రతివాడూ నోరు తెరిస్తేనే అది పూర్తవుతుంది. పాడే పాటను తీసుకెళ్లి వినే పాటగా మార్చారన్నదే నా అభియోగం.

ఇక పాట భావం. మా పాటల పుస్తకంలో ప్రతి కీర్తన పైనా రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ముఖారి, ఆది తాళం. బిలహరి, ఆది తాళం. ఆనందభైరవి. శంకరాభరణం. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి లాంటి కవులు కర్ణాటక రాగాల్లో కీర్తనలు కట్టారు. పైన రాసిన ఆ ఒక్క మాటతో పాట ఏ మనసుతో పాడాలో మా మేస్టారికి తెలిసిపోయేది. ముఖారి అని చూడగానే డోలక్ ఆయన్ని పక్కన పెట్టమనేవారు. మంచి శుక్రవారం ఆ పాట పాడుతుంటే హార్మోనియం గాలి తిత్తి చప్పుడు కూడా వినపడేది. ఈస్టర్ తెల్లవారుజామున బిలహరి ఎత్తుకుంటే సమాధుల తోటలో ఉన్నామన్నమాటే మరిచిపోయేవాళ్లం.

ఇప్పుడు శుక్రవారం పాటకూ ఆదివారం పాటకూ అవే నాలుగు కార్డులు, అదే దరువు. రాగంలో కోమలంగా పలకాల్సిన స్వరాన్ని కీబోర్డు కార్డు ఒత్తేస్తుంది. దుఃఖం కావాలంటే లైట్లు తగ్గిస్తారు, సంతోషం కావాలంటే స్పీకర్ పెంచుతారు. ముఖారి చేసే పనిని లైటు చెయ్యలేదు. ఈమధ్య పుస్తకం బదులు తెర మీద పాట వేస్తున్నారు. మాటలు మాత్రం పడతాయి, పైన ఉండే రాగం, తాళం తీసేశారు. నూట యాభై ఏళ్ల పైచిలుకు జ్ఞానం ఉన్న ఒక్క వరస అది. దాన్ని తెర మీద వెయ్యడానికి చోటు లేదా?

నేటి పిల్లల్ని నేను తక్కువ చేయను. వాళ్ల వేళ్లు మా మేస్టారి వేళ్లకన్నా చురుకు. స్వరాలు చదవగలరు. మేం ఎన్నడూ కలపలేని గొంతుల్ని రెండు మూడు వరసల్లో కలుపుతున్నారు. వయొలిన్లు నాలుగూ ఒక్కటిగా పలికితే నా ఒళ్లు కూడా పులకరించింది. ఇంత విద్య ఉన్న పిల్లలు ఒక్క ప్రశ్న అడగడం మానేశారే అన్నదే నా బాధ.

అందుకే ఆ రోజు కార్యక్రమం అయ్యాక ఊరికే ఇంటికి రాలేదు. కేబుళ్లు చుడుతున్న కీబోర్డు కుర్రాడి దగ్గరికి వెళ్లాను.

"బాబూ, ఆ పాట మూడు శ్రుతిలో ఎందుకు పెట్టావు?"

"ఒరిజినల్ ట్రాక్ అదే స్కేలు తాతగారూ. యూట్యూబ్‌లో అంతే ఉంది."

"ఆ పాడినామె ఒక్కతే. ఇక్కడ అయిదొందల మందిమి ఉన్నాం గదయ్యా."

ఆ కుర్రాడు మంచివాడు. విసుక్కోలేదు. చుట్టిన కేబులు విప్పి మళ్లీ పెట్టి, "మీరు పాడండి తాతగారూ" అన్నాడు. మా పల్లెలో పాడే చోట ఎత్తుకున్నాను. నా స్వరం వెంట వేళ్లతో వెతుక్కుంటూ వచ్చి, ఒక మీటను ఆరుసార్లు నొక్కాడు. చిన్న తెర మీద ఆరు మెట్లు తగ్గినట్టు అంకె పడింది. కింది ఆరున్నర. మా మేస్టారు పెట్టే శ్రుతే. రిథమ్ ఆపేసి ఉత్త కార్డులు పట్టుకున్నాడు. పల్లవి రెండోసారి తిరిగేసరికి హాలు ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు చీపుర్లు ఆపకుండానే గొంతు కలిపారు. ఊడ్పుకో దెబ్బగా పాట నడిచింది. చరణంలో పై గాంధారం వచ్చింది. ముగ్గురమూ అందుకున్నాం. కుర్రాడు తలెత్తి వాళ్ల వైపు చూశాడు. పాడేవాళ్ల ముఖం చూసి వాయించడం ఆ రోజుకు అతనికి అదే మొదలు. ఆ తర్వాత అతని చెయ్యి చీపురు వెంట నడిచింది.

శ్రుతి దించడానికి మా మేస్టారు చెవిని నమ్ముకున్నారు. ఈ కుర్రాడికి మీటే ఉంది, రెండు క్షణాల పని. వేగం తగ్గించే మీట దాని పక్కనే ఉంది. లేనిదల్లా వెనక వరుస వైపు ఒకసారి తల తిప్పడం.

వచ్చే క్రిస్మస్‌కు నేను చేయబోయే పని చెబుతాను. నవంబరులోనే మా సంఘంలోని ముసలమ్మలు నలుగుర్ని, గొంతు మారుతున్న కుర్రాళ్లు ముగ్గుర్ని కూర్చోబెట్టుకుని, ఎవరికి ఎంత పైకి, ఎంత కిందికి అందుతుందో చీటీ మీద రాసుకుంటాను. ఆ చీటీ తీసుకెళ్లి కీబోర్డు మీద అంటిస్తాను. నరసరావుపేట, మాచర్ల, గురజాల, ఏ ఊళ్లో పాట కట్టే పిల్లలకైనా నా మనవి ఇదే. గుడి భజన కానివ్వండి, బడి ప్రార్థన కానివ్వండి, చర్చి క్వయర్ కానివ్వండి. మొదటి మెట్టు నొక్కే ముందు వెనక్కి తిరగండి. మీ పెద్దమ్మను అడగండి.

"అందుద్దా?"

ఆమె ఇంకో మెట్టు దించమంటే దించండి.